ప్రసంగానికి సిద్ధపడాలంటే ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలి?

వాక్యం చెప్పడానికి ఏ పుస్తకాలు కొనాలి, ఏ యాప్ మంచిది అని యవ్వనస్తులు తరచుగా అడుగుతుంటారు. పేర్లు చెబుతాను. కానీ ఏది కొన్నామన్న దానికంటే ఏది ఎప్పుడు తెరిచామన్నదే ముఖ్యం. వ్యాఖ్యానమో, యూట్యూబ్ ప్రసంగమో ముందే తెరిచేస్తే, ఆ తర్వాత బైబిల్ ఎంతసేపు చదివినా అందులో ఆ రచయితో, ఆ బోధకుడో చెప్పిందే మనకు కనిపిస్తుంది.

అందుకని ఒకే వాక్యం పట్టుకుని వరస చూపిస్తాను. యిర్మీయా 29:11. మీ విషయంలో నా ఉద్దేశాలు హానికరమైనవి కావు, సమాధానకరమైనవి, రాబోయే కాలంలో మీకు నిరీక్షణ కలుగుతుంది అని దేవుడు చెప్పే వచనం. కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డుల మీద ఎన్నోసార్లు చూసిన వాక్యమే. నేను మొదటిసారి ఒక కాటేజ్ ప్రార్థనలో, అంటే ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో, చెప్పింది కూడా దీని మీదే. ఉద్యోగం, పెళ్లి, సొంత ఇల్లు అన్నీ ఈ ఏడాదే వచ్చేస్తాయని గట్టిగా చెప్పాను. కొద్ది నెలల క్రితమే భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మగారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. దాని పైనున్న ఒక్క వచనం చదివి ఉంటే అలా చెప్పేవాణ్ణి కాదు.

మొదటి పని: బైబిల్, నోటుబుక్కు, పెన్ను. ఇంకేమీ వద్దు

ఆదివారం ప్రసంగమైతే సోమవారమే మొదలుపెట్టండి. ఫోన్ పక్కన పెట్టి 28, 29 అధ్యాయాలు కలిపి మూడుసార్లు చదవండి, ఒక్కసారైనా పైకి చదవండి. అధ్యాయాలుగా విడగొట్టడం 13వ శతాబ్దంలో వచ్చింది కాబట్టి అధ్యాయం మారిన చోట ఆగిపోనక్కర్లేదు. ఎవరు ఎవరికి చెబుతున్నారు, ఎప్పుడు, ఎందుకు అని రాసుకోండి.

ఇంతమాత్రానికే ఏం దొరుకుతుందో చూడండి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, బబులోనుకు చెరగా తీసుకెళ్లిన మనుషులూ దేవాలయపు వస్తువులూ రెండేళ్లలో తిరిగొస్తాయని ప్రవచిస్తాడు, జనానికి కావలసింది అదే. 29వ అధ్యాయం, ఆ చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. అందులో 10వ వచనంలో డెబ్బై ఏళ్లు అంటాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూడరు. అయినా వాళ్లకే 11వ వచనం రాశాడు! ఆ రోజు ఆ అమ్మగారికి నేను చెప్పాల్సింది ఇది. నేను చెప్పింది హనన్యా మాట.

రెండో పని: అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవడం

మనం చిన్నప్పటి నుంచి చదివే బైబిల్ సొసైటీ వారి పరిశుద్ధ గ్రంథం చేతిలో ఉండాల్సిందే, సంఘమంతా కంఠతా పెట్టింది దాన్నే. దాంతో పాటు ఈజీ టు రీడ్, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, సమకాలీన అనువాదం కూడా చూడండి, ఇవన్నీ ఫోన్‌లో ఉచితంగా చదవొచ్చు. మీ ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండకపోతే డౌన్‌లోడ్‌కి వీలున్నది ఒకటి ముందే దింపి పెట్టుకోండి.

ఎందుకంటే మన పాత అనువాదంలో కొన్ని మాటల అర్థం బయట వేరు. నిరీక్షణ అంటే బయటివాళ్లకు ఎదురుచూడటం, బైబిల్లో ఆశాభావం. సమాధానం అంటే బడిలో జవాబు, బైబిల్లో శాంతి. మొదటిసారి గుడికి వచ్చిన మనిషి "సమాధానకరమైన ఉద్దేశములు" అని వింటే ఏమనుకుంటాడు? అలాంటి మాటల కింద గీత గీసి, మామూలు తెలుగులో ఎలా చెప్పాలో పక్కన రాసుకోండి.

మూడో పని: కంకార్డెన్స్

బైబిల్లో ఏ మాట ఎక్కడెక్కడ ఉందో చూపించే పుస్తకం ఇది. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన కంకార్డెన్స్‌లో ప్రతి హీబ్రూ, గ్రీకు మాటకు ఒక నంబరు ఉంటుంది. అది కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్‌ను బట్టి చేసింది, అందుకే మనం ఇంగ్లీషు వచనం మీదుగా వెళ్లాలి. ఆ పెద్ద పుస్తకం కొనాల్సిన పని లేదు. బ్లూ లెటర్ బైబిల్, స్టెప్ బైబిల్ రెండూ ఉచితం. విండోస్ కంప్యూటర్ ఉంటే ఈ-స్వోర్డ్ కూడా ఉచితమే.

యిర్మీయా 29:11 తెరిచి, తెలుగులో "సమాధానకరమైన" అని ఉన్న చోట హీబ్రూ మాట చూడండి. షాలోమ్, నంబరు 7965. అదే నంబరు ఆ అధ్యాయంలో ఇంకెక్కడ ఉందో వెతికితే 7వ వచనం వస్తుంది, అక్కడ తెలుగులో "క్షేమము" అని ఉంటుంది. తమను చెరపట్టిన బబులోను పట్టణపు షాలోమ్ కోసం ప్రార్థన చేయమంటున్న దేవుడే, నాలుగు వచనాల తర్వాత మీ షాలోమ్ నా ఆలోచనలో ఉందంటున్నాడు. తెలుగులో రెండు వేరు మాటలు కావడంతో ఈ లింకు మనకు కనబడదు. ఇది దొరికిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

ఇక్కడే ఒక జాగ్రత్త. "గ్రీకులో దీని అర్థం ఇదీ" అని వేదిక మీద చెప్పడం ఈమధ్య ఎక్కువైంది. ప్రేమకు గ్రీకు మాట అగాపే అంటే దేవుని ప్రేమ మాత్రమే అంటారు. కానీ పౌలుతో పనిచేసిన దేమా ఇహలోకాన్ని స్నేహించి పౌలును వదిలేశాడని రాసిన చోట, 2 తిమోతి 4:10లో, ఉన్నది అగాపే క్రియాపదమే. మాటకు అర్థం వాక్యాన్ని బట్టి వస్తుంది. ఇంగ్లీషు చదవగలిగితే డి. ఎ. కార్సన్ 1984లో రాసిన ఎక్సెజెటికల్ ఫాలసీస్ ఒక్కసారైనా చదవండి, ఇలాంటి పొరపాట్లన్నీ ఉదాహరణలతో చూపించారు.

నాలుగో పని: నిఘంటువు, మ్యాపు

బబులోను ఎక్కడుంది, యెకొన్యా ఎవరు, వీళ్లను ఎప్పుడు తీసుకెళ్లారు? బైబిల్ నిఘంటువు ఒకటి ఉంటే చాలు. ఇంగ్లీషులో 1962లో మొదట వచ్చిన న్యూ బైబిల్ డిక్షనరీ మంచిది, పాత కాపీ దొరికినా తీసుకోండి. యూదా రాజు యెకొన్యాతో పాటు వీళ్లు చెరకు వెళ్లింది క్రీ.పూ. 597లో. మ్యాపులో బబులోను ఇప్పటి ఇరాక్‌లో ఉంటుంది. ఎజ్రా అక్కడి నుంచి యెరూషలేము చేరడానికి నాలుగు నెలలు పట్టిందని ఎజ్రా 7:9లో ఉంది. వినేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పినా ఆ ఉత్తరం ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది.

ఐదో పని: ఇప్పుడు వ్యాఖ్యానం

మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం నెట్‌లో ఉచితం, భక్తికి చాలా మంచిది. అయితే ఆయన 1714లో చనిపోయారు, అపొస్తలుల కార్యముల వరకే ఆయనది, మిగతాది వేరే సేవకులు పూర్తిచేశారు. ఆ తర్వాత తవ్వకాల్లో బయటపడినవి అందులో ఉండవు కాబట్టి ఈ కాలంలో రాసినది ఇంకొకటి కూడా చూడండి. ఇద్దరూ ఒప్పుకోని చోట మళ్లీ బైబిల్ దగ్గరికే రండి. ఇంగ్లీషు రానివాళ్లు తెలుగు స్టడీ బైబిల్ ఒకటి కొనుక్కోండి, సంఘంలో ఇంగ్లీషు చదివే పిల్లలెవరినైనా వారానికి ఒక గంట పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పిల్లలకూ వాక్యం దొరుకుతుంది.

ఎలా చదవాలో, ఎలా చెప్పాలో నేర్పే పుస్తకాలు రెండు చాలు. గార్డన్ ఫీ, డగ్లస్ స్టూవర్ట్ కలిసి రాసిన హౌ టు రీడ్ ద బైబిల్ ఫర్ ఆల్ ఇట్స్ వర్త్ (1981). కీర్తనను కీర్తనలా, ఉత్తరాన్ని ఉత్తరంలా చదవడం అందులో నేర్చుకోవచ్చు. ప్రసంగించకపోయినా ప్రతి విశ్వాసికీ పనికొస్తుంది. రెండోది హాడన్ రాబిన్సన్ బిబ్లికల్ ప్రీచింగ్ (1980). ప్రసంగమంతా ఒకే ప్రధాన ఆలోచన చుట్టూ ఉండాలని ఆయన బోధ.

కాబట్టి శుక్రవారానికి ఆ ప్రధాన ఆలోచనను మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. యిర్మీయా 29కి నేను రాసుకున్నది ఇది: "ఇల్లు చేరకముందే, పరాయి ఊళ్లోనే, దేవుడు తన ప్రజల క్షేమం చూస్తాడు." మీరు చెప్పే సాక్ష్యం, పాట, ఉదాహరణ ఈ వాక్యానికి సాయపడకపోతే తీసేయండి, ఎంత బాగున్నా సరే. శనివారం రాత్రి ఇంట్లో ఒకరికి పది నిమిషాల్లో చెప్పి చూడండి. వాళ్లకు అర్థం కాని చోట గుర్తు పెట్టుకుని ఆ ముక్క ఒక్కటే తిరగరాసి పడుకోండి.