క్లీనింగ్ పనిలో కెమికల్ ఒంటి మీద పడితే ఏం చేయాలి

టాయిలెట్ క్లీనర్, డ్రైన్ క్లీనర్, నేల మీద పాత పాలిష్ వదిలించే లిక్విడ్, ఇవేవీ సబ్బునీళ్లలాంటివి కావు. ఒంటి మీద పడితే సూపర్‌వైజర్‌కి చెప్పడం, ఆయింట్‌మెంట్ వెతకడం అన్నీ తర్వాత, ముందు కుళాయి దగ్గరికి పరుగెత్తండి. ధారగా పారే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగాలి. చాలామంది రెండు నిమిషాలకే మంట తగ్గిందని ఆపేస్తారు, గాయం ముదిరేది అక్కడే.

కడుగుతూనే తడిసిన బట్టలు, బూట్లు, ఉంగరాలు తీసేయండి. చొక్కాని తల మీదుగా లాగితే ముఖానికి అంటుకుంటుంది, కత్తిరించేయండి. పొడి కెమికల్ అయితే మాత్రం ముందు పొడిగుడ్డతో దులిపి ఆ తర్వాత కడగాలి. యాసిడ్ పడిందని వంటసోడా, కాస్టిక్ సోడా పడిందని వెనిగర్ పోయకండి, పడిన కెమికల్‌తో అవి కలిస్తే పుట్టే వేడికి చర్మం ఇంకా కాలొచ్చు.

డ్రైన్ క్లీనర్లలో ఉండే కాస్టిక్ సోడాతో ఎక్కువ జాగ్రత్త. యాసిడ్ పడగానే చురుక్కుమంటుంది, ఇది మాత్రం మొదట్లో పెద్దగా నొప్పి లేకుండానే చర్మాన్ని జిగటగా చేసి లోలోపలికి తినేస్తూ పోతుంది, కాబట్టి నొప్పి లేదని ఊరుకోవద్దు, 20 నిమిషాలు దాటాక కూడా కడుగుతూనే ఉండండి. తుప్పు వదిలించే కొన్ని ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. దాని నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు, ఒంట్లోని కాల్షియాన్ని లాగేసి గుండె మీదికి తెస్తుంది. చిన్న మచ్చంత పడినా కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కంట్లో పడితే రుద్దకండి. రెండో కంట్లోకి నీళ్లు పారకుండా తల పక్కకి వంచి, రెప్పలు తెరిచి పట్టుకుని కడగండి, లెన్స్ ఉంటే తీసేయండి. ఆ తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, సీసా లేబుల్ ఫోటో తీసి పట్టుకెళ్లండి, ఏ కెమికలో డాక్టర్‌కి వెంటనే తెలుస్తుంది.

గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ధీమా వద్దు. చిరిగిన గ్లవ్ లోపలికి కారిన ద్రవం అక్కడే చిక్కుకుని గంటలకొద్దీ చర్మాన్ని తింటుంది, వేసుకునే ముందు ప్రతిసారీ చూసుకోండి. బ్లీచ్‌ని యాసిడ్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ అనే విష గ్యాస్ వస్తుంది. లేబుల్ లేని సీసాలో పోసిచ్చినది వాడనని చెప్పండి, అది మీ హక్కు. దగ్గర్లో నీళ్లు, చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఇవ్వకుండా ఈ పని చేయించడం యాజమాన్యం తప్పు, ఆ మాట నలుగురూ కలిసి అడగండి.