మెంబ్రేన్‌కి యాంటీబాడీ సరిగ్గా పట్టడం లేదా? ముందు ఉప్పు బఫర్‌తో కడిగి చూడండి

నైలాన్ మెంబ్రేన్ (సన్నటి రంధ్రాల పొర) మీద పాలీఅక్రిలిక్ యాసిడ్, ఆపైన పీఈఐ (పాజిటివ్ చార్జ్ ఉన్న పాలీఇథిలీన్‌ఇమీన్), మళ్లీ పాలీఅక్రిలిక్ యాసిడ్ పొరలు వేసి, వాటికి ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్‌లతో (పూతలోని కార్బాక్సిల్స్‌కి ప్రొటీన్‌ని బంధించే రసాయనాలు) ప్రొటీన్ ఎ (యాంటీబాడీని పట్టుకునే ప్రొటీన్) అతికించి యాంటీబాడీ పట్టే పద్ధతి గురించే ఇదంతా. పూత వేయడం, హోల్డర్ బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఎవరు ఏ సమస్యతో వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే. లోపలికి ఎంత పంపారు, ఎంత బయటికి వచ్చింది, లెక్క ఉందా? పదిమందిలో తొమ్మిదిమంది ఎల్యూషన్ (పట్టిన యాంటీబాడీని దించగా వచ్చిన ద్రవం) ఒక్కటే కొలిచి, తక్కువ వచ్చిందని టెన్షన్ పడి, మర్నాడే కొత్త మెంబ్రేన్ కత్తిరించడం మొదలుపెడతారు. దయచేసి ఫ్లో-త్రూ (పట్టకుండా దాటిపోయిన ద్రవం), వాష్ (కడిగిన ద్రవం), ఎల్యూషన్ మూడింటి కాంతి శోషణా 280 నానోమీటర్ల దగ్గర చదవండి. ఐజీజీ (మామూలు రకం యాంటీబాడీ) మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే 1 సెంటీమీటరు క్యువెట్‌లో సుమారు 1.4 చూపిస్తుంది, అంటే పది నిమిషాల పని. ఫ్లో-త్రూలో ఉంటే అసలు పట్టలేదు, వాష్‌లో ఉంటే పట్టీ పట్టనట్టు పట్టింది, ఎక్కడా లేకపోతే లోపలే ఇరుక్కుపోయింది. మూడింటికీ మందు వేరు.

పూత వేశాక నీళ్లు దిగడం లేదు

ఏ నీళ్లతో కొలిచారు? డీఅయొనైజ్డ్ నీళ్లతో అయితే ఆగండి. పాలీఅక్రిలిక్ యాసిడ్‌లోని కార్బాక్సిల్ గుంపులు చార్జ్ తెచ్చుకుని ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పూత ఉబ్బి రంధ్రాలను మూసేస్తుంది. ఉప్పు ఉంటే ఆ తోపులాట తగ్గుతుంది. అదే ప్రెషర్‌లో పీబీఎస్‌తో (ఉప్పున్న ఫాస్ఫేట్ బఫర్) మళ్లీ కొలవండి, చాలాసార్లు ప్రవాహం తిరిగి వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే పొరలు ఎక్కువైనట్టే, ఒక జత తగ్గించండి.

ఒక మెంబ్రేన్ బాగా పడుతుంది, దాని పక్కది పట్టదు

పూత అంతటా సమానంగా లేదు. టొల్యూడిన్ బ్లూ అనే రంగు పంపి కడగండి, కార్బాక్సిల్ ఉన్నచోట నీలం నిలుస్తుంది. పూత లేని నైలాన్ కూడా కొద్దిగా రంగెక్కుతుంది కాబట్టి పక్కన ఒకటి పెట్టుకుని పోల్చండి. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు ఓ-రింగ్ ఒక పక్క ఎక్కువ నొక్కడం వల్ల అంచున నెలవంక ఆకారంలో తెల్లగా మిగిలింది, లేదా గాలి బుడగ ఆగినచోట గుండ్రంగా మచ్చ వచ్చింది.

శుద్ధమైన యాంటీబాడీతో బ్రహ్మాండం, కల్చర్ ద్రవంతో దాదాపు సున్నా, పైగా సైకిల్ సైకిల్‌కీ తగ్గుతోంది

నన్ను నెల రోజులు ఏడిపించింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

మొదటి రోజు ఫలితం చూసి మేం సంబరపడ్డాం. 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో యాంటీబాడీ పంపితే చక్కగా పట్టింది, పీహెచ్ 3 గ్లైసిన్ పంపితే చక్కగా దిగింది, ప్రొటీన్ ఎ ఇంతకంటే ఏం చేయాలి అనుకున్నాం. మూడో సైకిల్‌కి (పట్టించి దించే విడతకి) కాస్త తగ్గింది, కల్చర్ ద్రవం (యాంటీబాడీ తయారుచేసే కణాలు పెరిగిన ద్రవం) పంపేసరికి మొత్తం ఫ్లో-త్రూలోకి వెళ్లిపోయింది. ద్రవంలో ఏదో అడ్డుపడుతోందని దాని వెంట పడ్డాం. తప్పు అక్కడ లేదు, ప్రొటీన్ ఎ అసలు అతుక్కోనేలేదు.

మరి మొదటి రోజు పట్టిందేమిటి? పాలీఅక్రిలిక్ యాసిడ్ పూత నెగటివ్, తటస్థ పీహెచ్‌లో చాలా యాంటీబాడీలు పాజిటివ్. ఉప్పు తక్కువున్న బఫర్‌లో ఆ పూత చార్జ్‌తోనే పట్టుకునే ఒక అయాన్ ఎక్స్‌ఛేంజర్‌లా పనిచేస్తుంది. పీహెచ్ 3కి దించగానే కార్బాక్సిల్స్ చార్జ్ పోగొట్టుకుని యాంటీబాడీని వదిలేస్తాయి. ప్రొటీన్ ఎ కూడా సరిగ్గా అదే పీహెచ్‌లో వదులుతుంది కదా, అందుకే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కల్చర్ ద్రవంలో ఉప్పు ఎక్కువ, చార్జ్ పట్టు సడలిపోయింది, దాంతో అసలు సంగతి బయటపడింది.

ప్రొటీన్ ఎ కూడా ఇలాగే మోసం చేస్తుంది. అతికించేటప్పుడు పీహెచ్ 4.5 దగ్గర దానికి పాజిటివ్ చార్జ్, కాబట్టి బంధం ఏర్పడకపోయినా పూతకి అంటుకుని కూర్చుంటుంది, ద్రావణంలో ప్రొటీన్ తగ్గింది కాబట్టి అతుక్కుందని మనం రాసుకుంటాం. ఆ తర్వాత ప్రతి ఎల్యూషన్‌లోనూ కొంచెం కొంచెం జారిపోతుంది. మా ఎల్యూషన్‌ను రెడ్యూసింగ్ జెల్‌లో (ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసేది) నడిపితే యాంటీబాడీ ముక్కలైన 50, 25 కిలోడాల్టన్ల బ్యాండ్ల మధ్య 42 దరిదాపుల్లో మూడోది, అంటే ప్రొటీన్ ఎ, కనిపించింది. అది చూశాకే నమ్మకం కుదిరింది.

కారణం ఈడీసీ సీసా. జులై నెల, హైదరాబాద్‌లో ముసురు, ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాని చల్లగా ఉండగానే మూత తీసి వాడుతూ వచ్చాం. ప్రతిసారీ లోపల తేమ చేరి ఈడీసీ పాడైంది. గరిటె పెట్టి చూస్తే వర్షాకాలంలో డబ్బాలో ఉప్పు ముద్దకట్టినట్టు గడ్డలు.

ఇక పరిష్కారం. ఒకే పూత బ్యాచ్‌లోంచి రెండు డిస్కులు తీసుకోండి. ఒకదానికి ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ ఇవ్వండి, రెండోదానికి ఖాళీ బఫర్ ఇవ్వండి. ఆపైన రెండింటికీ ఒకే ప్రొటీన్ ఎ, ఒకే ఇథనోలమైన్ (మిగిలిపోయిన చురుకైన చోట్లను మూసేది), 1 మోలార్ ఉప్పుతో కడుగు, యాంటీబాడీ లేకుండానే ఒక ఖాళీ పీహెచ్ 3 ఎల్యూషన్. ఇప్పుడు 0.5 మోలార్ ఉప్పున్న బఫర్‌లో యాంటీబాడీ పంపండి. రెండూ దగ్గర దగ్గరగా పట్టాయంటే మీ ఈడీసీ పని చేయలేదు. ఈ రెండో డిస్కు లేకుండా ఎవరు ఏ సంఖ్య చూపించినా నేనైతే నమ్మను.

కొత్త సీసాని గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచి, చిన్న చిన్న వయల్స్‌లోకి సర్ది, సిలికా జెల్‌తో కలిపి మైనస్ 20లో పెట్టండి. కలపడం మాత్రం వాడే నిమిషంలోనే. యాక్టివేషన్ (ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ ఇవ్వడం) ఎంఈఎస్ బఫర్‌లో, పీహెచ్ 5 నుంచి 6 మధ్య. ట్రిస్, గ్లైసిన్ ఆ దరిదాపులకి రాకూడదు, ప్రొటీన్ ఎ స్టాక్‌లో ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఇంకొకటి, విడుదలైన ఎన్‌హెచ్‌ఎస్ 260 నానోమీటర్ల దగ్గర గట్టిగా కాంతిని పీలుస్తుంది, 280 రీడింగ్‌ని కూడా పాడుచేస్తుంది, కాబట్టి ఎంత ప్రొటీన్ అతుక్కుందో తేల్చడానికి యూవీ మీద ఆధారపడకండి.

మిగతావి

నైలాన్ బ్యాచ్ బాగోలేదు, ప్రొటీన్ ఎ చెడిపోయింది అనేవి జరుగుతాయి, కానీ అరుదు, పైవన్నీ చూశాకే అటు వెళ్లండి. ఎక్కడా లెక్కకి రాని యాంటీబాడీ ఉంటే ఫీడ్‌ని (లోపలికి పంపే ద్రవాన్ని) 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి మళ్లీ పంపండి. పని అయ్యాక మెంబ్రేన్‌ని ఆరనివ్వకుండా 20 శాతం ఇథనాల్‌లో, 4 డిగ్రీల దగ్గర ఉంచండి.