తిరుపతిలో చూసింది ఏ ఓరియోల్? తేల్చుకునే పద్ధతి

తలకోన దారిలోనో, చిత్తూరు వైపు మామిడితోటలోనో పసుపు, నలుపు కలిసిన పిట్టను ఫోటో తీసి కింద ‘బాల్టిమోర్ ఓరియోల్’ అని రాసేస్తుంటారు. అది అమెరికా పిట్ట, మన దగ్గర ఉండదు. చిక్కంతా పేరులోనే ఉంది. ఓరియోల్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి బంగారు రంగు అని అర్థం. యూరప్‌లో ఆ పేరు మోసింది మన వంగపండు పిట్ట జాతివాళ్లే. అమెరికా చేరిన యూరోపియన్లు అక్కడ పోలికున్న పిట్టకూ అదే తగిలించారు. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు, కుటుంబాలే వేరు. ఇక బాల్టిమోర్ అంటారా, అమెరికాలోని మేరీలాండ్ వలసరాజ్యానికి యజమానులైన లార్డ్ బాల్టిమోర్ల వంశచిహ్నంలో బంగారు, నలుపు రంగులు ఉండేవి, పిట్ట పేరు అక్కడిదే. 1973లో ఈ బాల్టిమోర్ ఓరియోల్‌ను ఇంకో జాతితో కలిపి పేరే తీసేశారు, 1995లో మళ్లీ విడదీసి తిరిగిచ్చారు. దాని శాస్త్రనామంలోని ‘ఇక్టెరస్’ గ్రీకులో పచ్చకామెర్ల మాట. పసుపు పిట్టను చూస్తే ఆ జబ్బు పోతుందని అప్పటివాళ్ల నమ్మకం.

గుర్తుపట్టేటప్పుడు రంగును చివరికి వదిలేయండి. పొద్దున ఏటవాలు ఎండలో పసుపు కూడా నారింజలా కనిపిస్తుంది, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. ముందు తల చూడండి. కన్ను మీదుగా నల్లటి గీత మాత్రమే ఉంటే వంగపండు. వంకాయ ముదిరి పండితే వచ్చే పసుపే దాని ఒంటి రంగు. తలంతా నల్లగా ఉంటే వెంటనే వీపు చూడాలి. వీపు పసుపైతే కొండ వంగపండు. వీపూ నలుపే, పొట్ట నారింజ అయితే అది బాల్టిమోర్ మగది. దాని ముక్కు నీలిబూడిద రంగు, మనవాటిది గులాబీ. సైజులోనూ మనదే పెద్దది, దాదాపు 25 సెంటీమీటర్లు.

ముక్కు గుర్తు పిట్టపిల్లల దగ్గర పనిచేయదు. మన రెండు జాతుల పిల్లలకూ ముక్కు నల్లగానే ఉంటుంది. పొట్ట మీదో, గొంతు మీదో సన్న చారలు కనిపిస్తే వయసు తక్కువది కావచ్చు, వంగపండు ఆడదీ కావచ్చు. అలాంటి ఒక్క ఫోటోతో తీర్పు చెప్పకండి, వెంట తిరిగే పెద్దపిట్ట కోసం పావుగంట ఆగండి.

వంగపండు మన వైపు చలికాలంలో ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దున 6 నుంచి 8 లోపు, కాయలు పండిన మర్రి, రావి, మేడి చెట్ల కింద నిలబడండి. ఆకుల గుబురు వదిలి బయటికి రాదు కాబట్టి ముందు చెవి పని. పిల్లనగ్రోవి లాంటి ఈల, మధ్యలో పిల్లి చిరాకుపడ్డట్టు ఒక గరగర. వినిపించగానే పరుగెత్తకండి, ఎగిరిపోతుంది.

కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ‘డేలైట్’లో పెట్టి, ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 నుంచి 0.7 దాకా దించండి. లేకపోతే పసుపు ఈకల గీతలు కరిగిపోయి ముద్దలా వస్తుంది. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించేటప్పుడు ‘ఓరియోల్’ అని టైప్ చేసి మొదట కనిపించింది నొక్కొద్దు. వంగపండు అయితే ఇండియన్ గోల్డెన్ ఓరియోల్, తలంతా నల్లని కొండ వంగపండు అయితే బ్లాక్ హుడెడ్ ఓరియోల్.