పాలు పడని నాకు పెరుగుతో ఎలా సెట్ అయిందంటే

పాలు తాగితే చాలు కడుపు ఉబ్బరం, గుడగుడ, కాసేపటికే బాత్రూంకి పరుగు, డాక్టర్ గారు లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) అరగట్లేదు, పెరుగు ట్రై చెయ్యండి అన్నారు. నిజంగా పనిచేసిందండి! పెరుగులోని లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ బాక్టీరియాలు లాక్టోజ్‌ని కొంత ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని పేగుల్లోకెళ్ళాక వాటి ఎంజైమే అరిగిస్తుంది, అందుకే అవి బతికుండాలి, తోడుకున్నాక మళ్ళీ వేడిచేసి ప్యాక్ చేసిన రకంతో ఆ లాభం రాదు, లేబుల్ మీద లైవ్ కల్చర్స్ అని ఉందో లేదో చూసి కొనండి. నేను భోజనంతో పాటు రెండు స్పూన్లతో మొదలుపెట్టి మెల్లగా కప్పుకి వచ్చాను, ఉబ్బరం పోయింది, పాలు మాత్రం ఇప్పటికీ ముట్టను. 1905లో ఆ బల్గారికస్‌ని కనిపెట్టిన స్టామెన్ గ్రిగొరోవ్ గారికి దండం పెట్టాలి. ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్ళు, మోషన్‌లో రక్తం పడేవాళ్ళు మాత్రం ముందు డాక్టర్‌ని కలవండి ప్లీజ్.