లోడ్ మీద సీటీ తీగ విప్పకండి

మొన్న ఒక రైస్ మిల్లులో ఆమ్‌మీటరు మారుస్తూ ఒక కుర్రాడు చెయ్యి కాల్చుకున్నాడు. మోటార్లు నడుస్తూనే ఉన్నాయి. మీటరు వెనక రెండు తీగల్లో ఒకటి విప్పాడు, అంతే. అవి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కరెంటును మీటరు కొలిచేంత చిన్నగా మార్చేది) నుంచి వచ్చే తీగలు. వానలకు ముందు ప్యానెళ్ల పనులు మొదలయ్యే రోజులు కాబట్టి రాస్తున్నాను. గ్లౌజులు, రబ్బరు మ్యాటు సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం.

"ఐదు ఆంపియర్లే కదా, ఏం చేస్తుందిలే" అనుకోవడమే కొంప ముంచుతోంది. 200/5 రింగ్ సీటీనే చూడండి, అంటే మెయిన్‌లో 200 ఆంపియర్లు పోతే మీటరుకు 5 పంపేది. బస్‌బార్‌లో (లోడ్ కరెంటు మోసే లోహపు పట్టీలో) 200 ఆంపియర్లు పోవడం లోడ్ ఇష్టం, సీటీ దాన్ని ఆపలేదు. సెకండరీలో, అంటే మీటరు వైపు చుట్టలో, 40 చుట్ల గుండా తిరిగే ఆ 5 ఆంపియర్లే కోర్‌ను (చుట్ల లోపలి ఇనుప భాగాన్ని) అదుపులో ఉంచుతాయి. తీగ విప్పారా, ఆ అదుపు పోయి 200 ఆంపియర్ల బలమంతా కోర్ మీద పడుతుంది. విప్పిన కొసల మధ్య వోల్టేజి చిన్న సీటీల్లో వందల్లోకి, పెద్దవాటిలో వేలల్లోకి లేస్తుంది. కోర్ కాగుతుంది, ఇన్సులేషన్ పోతుంది.

బార్, రింగ్, వూండ్, ఏ రకమైనా ఇదే కథ. 5పీ10 లాంటి ప్రొటెక్షన్ సీటీ (ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ను ట్రిప్ చేయించే రిలేకు కరెంటిచ్చేది) ఇంకా మొండిది. దాని కోర్ త్వరగా సాచురేట్ కాదు (అయస్కాంతత్వంతో నిండిపోదు), అందుకే వోల్టేజి ఇంకా పైకి పోతుంది. స్ప్లిట్ కోర్ (తెరిచి తీగ చుట్టూ మూసేది) అయితే లేబుల్ చదవండి. అవుట్‌పుట్ 333 మిల్లీవోల్టులని ఉంటే రెసిస్టర్ లోపలే ఉంటుంది, ఆ భయం లేదు. 5ఎ, 1ఎ అని ఉంటే అదీ రింగ్ లాంటిదే. ఇనుప కోర్ లేని రోగోవ్‌స్కీ కాయిల్‌కు మాత్రం ఈ బెడద లేదు.

లోడ్ మీద సెకండరీ విప్పకండి. షట్‌డౌన్ తీసుకోండి.

కుదరకపోతే ముందు ఎస్1, ఎస్2 (సెకండరీ రెండు కొసలు) షార్ట్ చెయ్యండి. లింకుతో, లేదా లగ్గు కొట్టిన మందపాటి రాగి తీగతో. క్రొకడైల్ క్లిప్పు వద్దు.

షార్ట్ తీగకు టాంగ్ టెస్టర్ (తీగ విప్పకుండా కరెంటు కొలిచే క్లాంప్ మీటరు) పెట్టండి. కరెంటంతా అందులోకి వచ్చి, మీటరు తీగలో దాదాపు సున్నా అయ్యాకే విప్పండి.

పీటీకి (వోల్టేజి కొలిచే ట్రాన్స్‌ఫార్మర్‌కు) వేస్తాం కదా అని సీటీ సెకండరీలో ఫ్యూజు వెయ్యకండి. ఫ్యూజు పోతే తీగ విప్పినట్టే.

సెకండరీకి ఎర్తింగ్ ఒక్కచోటే.

వదులైన స్క్రూ కూడా విప్పిన తీగే. బిగింపు పని లోడ్ ఆపి చెయ్యండి.

సీటీ బుర్రుమంటుంటే, మాడు వాసనొస్తే, ఊడిన తీగను పట్టుకుని పెట్టబోకండి. ముందు బ్రేకర్ ఆపండి.

కరెంటు డిపార్ట్‌మెంట్ సీలున్న బాక్సు జోలికి అసలు పోవద్దు.

తీగలు బిగించాకే షార్ట్ తియ్యండి. తీయడం మరిచిపోతే మీటరు సున్నా చూపిస్తుంది, తిట్లు పడతాయి. రిలే సీటీ అయితే ఫాల్ట్ వచ్చినా బ్రేకర్ ట్రిప్ కాదు.