మిద్దె మీద ఎండతోనే ఫోటో: సైనోటైప్ చేయడం ఎట్టా?

నా మొదటి సైనోటైప్, అంటే కెమెరా లేకుండా ఎండతో కాయితం మీద నీలంగా పడే ఫోటో, ఒంగోలు పక్కన అమ్మమ్మ వాళ్ళింట్లో బోరు నీళ్ళలో కడుగుతుంటే కళ్ళముందే పాలిపోయింది. ముదురు నీలం రావాల్సింది కాస్తా ఉతికి ఉతికి వెలిసిపోయిన యూనిఫాం రంగుకి దిగింది. కెమికల్ చెడిపోయిందేమో, పెట్టిన డబ్బులు పోయినట్టే అనుకున్నా గానీ తప్పు నీళ్ళది. మా వైపు బోర్లలో క్షారం ఎక్కువ, ఈ నీలానికేమో క్షారం అస్సలు పడదు. అందుకని వేరే ఏం కొన్నా కొనకపోయినా ముందు రెండు క్యాన్ల మంచినీళ్ళు పక్కన పెట్టుకోండి.

పని చాలా సింపుల్. ఇనుము ఉప్పులు పూసిన కాయితం మీద ఏదో ఒక వస్తువు పెట్టి ఎండలో ఉంచుతాం, ఎండ తగిలిన చోట నీలం, నీడ పడ్డ చోట తెలుపు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు సైంటిస్టు కనిపెట్టాడు, తర్వాత ఇంజినీర్లు వాడిన బ్లూప్రింట్లు కూడా ఇదే పద్ధతి. లెన్సు లేదు, ఫోకస్ లేదు, కాబట్టి వెలుతురు ఒక్కటే ఏం చేస్తుందో విడిగా చూడొచ్చు.

కెమికల్స్ రెండే, ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో గానీ ఆన్‌లైన్లో గానీ దొరుకుతాయి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఆకుపచ్చ రకం, 25 గ్రాములు 100 మిల్లీ నీళ్ళలో. పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మిల్లీలో. వేరువేరు రంగు సీసాల్లో పోసి చీకట్లో దాచండి, మొదటి దానికి బూజు పడుతుంది, పడితే వడగట్టుకుని వాడుకోవచ్చు. రెండో దాని పేరు చూసి భయపడక్కర్లేదు గానీ బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం దాని దరిదాపుల్లోకి రాకూడదు, ఘాటు యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. పొయ్యి మీద పెట్టి వేడి చేయొద్దు. గ్లోవ్స్ వేసుకోండి, వంటింటి గిన్నెలు, స్పూన్లు దీనికి వాడొద్దు.

పూత రాత్రిపూట వేసుకోండి, పసుపు రంగు జీరో బల్బు చాలు. రెండు సీసాల్లోంచి చెరి 5 మిల్లీ కలిపితే ఏ4 సైజు షీట్లు రెండు మూడింటికి వస్తుంది. మందంగా ఉండే వాటర్‌కలర్ పేపర్ తీసుకుని మెత్తటి బ్రష్‌తో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పల్చగా లాగండి. బ్రష్‌కి ఇనుప పట్టీ ఉంటే టేపు చుట్టండి, లేకపోతే నీలం మచ్చలు పడతాయి. కాయితం లేత పసుపుపచ్చగా కనిపించాలి. ఫ్యాన్ కింద చీకట్లో పూర్తిగా ఆరనివ్వండి, సముద్రం గాలికి తేమ పట్టేస్తుంది కాబట్టి మర్నాడే వాడేయడం మేలు.

ఇక ఏం పెట్టాలి? అందరూ ఆకు పెడతారు. మామిడాకు దళసరి, లోపల ఏమీ కనపడదు, తెల్లటి ఆకారం తప్ప ఏం రాదు. నాకు బాగా వచ్చినవి మూడు. ఒకటి మొలగొలుకుల వరి కంకి, గింజ చివరి ముల్లు కూడా వెంట్రుకలా పడింది. రెండోది వెంకటగిరి చీర పాత ముక్క, పల్చటి నేతలోంచి ఎండ దిగి లేత నీలం వచ్చింది, జరీ బుటా మాత్రం తెల్లగా నిలబడింది. మూడోది సైదాపురం గనుల వైపు నుంచి ఫ్రెండ్ తెచ్చిన అభ్రకం. గోరుతో పొరలు విడదీసి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది పొరలు మెట్లుమెట్లుగా పేర్చా, పైకి చూస్తే అన్నీ అద్దంలాగే ఉన్నాయి గానీ ప్రింట్‌లో మెట్టు మెట్టుకీ నీలం తగ్గింది. కంటికి కనపడే వెలుతురు వేరు, కాయితానికి పనికొచ్చే అల్ట్రావయొలెట్ వేరు అని నాకు అప్పుడు ఎక్కింది, క్లాసులో ఎన్నిసార్లు విన్నా ఎక్కలేదు.

అట్ట, దాని మీద కాయితం, వస్తువు, పైన మామూలు గాజు, అంచులకి క్లిప్పులు. మిద్దె మీద పెట్టండి. మొదటి షీట్ మాత్రం టెస్ట్‌కే, దాన్ని వేరే అట్టముక్కతో మూసి రెండు నిమిషాలకొకసారి కొంచెం కొంచెం జరుపుతూ 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలు తీసుకోండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నాకు 7 నిమిషాలు సరిపోయింది, నవంబరు ముసురులో అరగంట పెట్టినా చాల్లేదు. రంగు పసుపు నుంచి పచ్చకి, నీలానికి, ఆ తర్వాత బూడిదకి మారుతుంది. బూడిద చూసి మాడిపోయిందని తీసేయకండి, కావాల్సింది అదే.

కడగడం మంచినీళ్ళలో, మొదటి బకెట్లో నాలుగు చుక్కల నిమ్మరసం. పసుపు పూర్తిగా వదిలేదాకా 5 నుంచి 10 నిమిషాలు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక మూత కలిపిన నీళ్ళలో ముంచితే నీలం ఒక్కసారిగా ముదురుతుంది, ముంచకపోయినా ఒక రోజులో అదే ముదురుతుంది, కాకపోతే ఆ క్షణం చూడాల్సిందే అబ్బా.

ఇప్పుడు వచ్చిన ప్రింట్‌ని చదవడం. ప్రతి ప్రింట్ వెనకాల పెన్సిల్‌తో తేదీ, టైము, నిమిషాలు, ఏ నీళ్ళు అని రాయండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చారంటే దేనివల్ల ఏమైందో తెలీదు. తర్వాత అంచులు చూడండి. కంకి మధ్యలో పదునుగా ఉండి తొడిమ దగ్గర మసకగా ఉందంటే అక్కడ కాయితానికి ఆనలేదన్నమాట. గాజు లేకుండా 10 సెంటీమీటర్ల బొమ్మని నిలబెట్టి చేశా, అంచు పక్కన ఇంకో పల్చటి అంచు వచ్చింది. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, అంటే 10 నిమిషాల్లో రెండున్నర డిగ్రీలు, ఆ ఎత్తు మీద నీడ దాదాపు 4 మిల్లీమీటర్లు కదులుతుంది. వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పడానికి షట్టర్ స్పీడ్ అని కెమెరాలో తిప్పేదాన్ని ఇక్కడ స్కేలు పెట్టి కొలవొచ్చు.

పోల్చుకోవడానికి అన్నా అట్కిన్స్ చూడండి. 1843 నుంచి బ్రిటన్ సముద్రపు నాచు మొక్కల్ని ఇట్టాగే ప్రింట్ చేసి పుస్తకంగా తెచ్చింది, పేజీల మీద చేతిరాత కూడా సైనోటైపే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టారు. ఒక్కో మొక్కని పేజీలో ఎక్కడ పెట్టింది, ఎంత ఖాళీ వదిలింది గమనించండి, మనం ఆకులన్నీ తెచ్చి కుప్ప పోస్తాం, ఆమె పోయలేదు.

ఎండ పడే గోడకి తగిలిస్తే ప్రింట్ పాలిపోతుంది. నేను వరి కంకి ప్రింట్ అమ్మమ్మకిస్తే దేవుడి పటం పక్కన కిటికీకి ఎదురుగా పెట్టింది, నెల తర్వాత ఫోన్ చేసి "ఏంది నాయనా, నీ ఫోటో వెలిసిపోయిందే" అంది. ఎండకి వెలిసిన నీలం చీకట్లో పెడితే చాలావరకు తిరిగొస్తుంది, బోరు నీళ్ళలో పోయింది మాత్రం రాదు. బీరువాలో పెట్టమన్నా. వారం తర్వాత తీసి చూసుకుని మళ్ళీ అదే కిటికీ ఎదురుగా పెట్టేసింది.