వనస్థలిపురంలో కృష్ణజింకలు కనపడాలంటే

ఆదివారం పదకొండింటికి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్‌లోని జింకల పార్కు మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లి, జింకలు లేవని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. ఆ వేళకు అవి మేత ఆపి నీడన పడుకుంటాయి. గేటు తెరిచే సమయానికే అక్కడ ఉండండి, లేదా ఎండ తగ్గాక వెళ్లండి. మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వచ్చి, హయత్‌నగర్ వైపు బస్సెక్కి ఆటోనగర్‌లో దిగాలి.

ఒకప్పుడు నిజాముల వేట అడవి ఇది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఈ పేరు పెట్టారు. తెల్ల చొక్కా వద్దు, ఖాకీయో ముదురాకుపచ్చో వేసుకోండి. కృష్ణజింక ప్రధానంగా నమ్ముకునేది కళ్లనే. నేరుగా దానివైపు నడిస్తే ఒకటి గాల్లోకి ఎగురుతుంది, వెంటనే మందంతా పరుగు. బాట మీదే పక్కవాటుగా నడుస్తూ, అది తలెత్తినప్పుడల్లా ఆగిపోండి. మళ్లీ తల దించి మేత మొదలుపెట్టాకే కదలాలి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ ఉంటే దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు.

గడ్డి మధ్య ఒకేచోట నల్లటి పెంటికలు కుప్పగా ఉంటే అక్కడ నిలబడండి. అది మగజింక హద్దు. రోజూ అక్కడికే వచ్చి పెంటికలు వేస్తుంది, కంటి ముందున్న గ్రంథిని గడ్డిపరకలకు రుద్ది వాసన అంటిస్తుంది. వీపు నల్లగా, కొమ్ములు మెలి తిరిగి ఉంటే మగది. గోధుమరంగులో ఉండి కొమ్ములు లేనిది ఆడది. చెట్ల కింద మచ్చలతో కనిపించేది చుక్కల దుప్పి. దాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ వస్తాయి, కృష్ణజింకవి రాలవు.

వానలు వెలిసిన కొత్తలో గడ్డి నడుమెత్తు పెరిగి జింకల్ని దాచేస్తుంది, రక్తం పీల్చే పిడుదులూ ఒంటికి పట్టుకుంటాయి. నిండు ప్యాంటు వేసుకుని అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. చూడ్డానికి మంచి కాలం గడ్డి ఎండే ఫిబ్రవరి, మార్చి. మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి.

బిస్కెట్లు, బ్రెడ్ వేయొద్దు. నెమరువేసే జంతువు పొట్టలో పిండిపదార్థం త్వరగా పులిసి, ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది. కవరుతో సహా మింగితే అది అరగదు, బయటికీ రాదు.

గడ్డిలో పిల్ల ఒంటరిగా కదలకుండా పడుకుని ఉంటే తప్పిపోయిందనుకోకండి. తల్లే దాచి మేతకు పోయి ఉంటుంది. ముట్టుకోకుండా, ఫోటో కోసం చుట్టూ చేరకుండా పక్కకు తప్పుకోండి. గాయమేదైనా కనిపిస్తే మాత్రం గేటు దగ్గరి సిబ్బందికి చెప్పండి.